ఎండలు ముదిరేలోపే మిద్దె మీది చివరి టమాటాలు కోసుకోవడం ఎలా? హైదరాబాద్ ఇళ్ళకు సమగ్ర మార్గదర్శి

చలి దేశాల్లో పెరటి టమాటాకు గడువు పెట్టేది శరదృతువు చివర్లో పడే గడ్డమంచు. ఒక్క రాత్రి సున్నా డిగ్రీలకు దిగితే చాలు, తెల్లారేసరికి మొక్క నల్లబడి వాలిపోతుంది. హైదరాబాద్‌లో ఆ బెడద లేదు. చలిగాలులు వీచినప్పుడు పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి పోయినా మంచు పట్టి మొక్క చావదు. మన టమాటాకు గడువు పెట్టేది ఎండ. ఆగస్టు, సెప్టెంబర్‌లలో నారు పోసి దసరా లోపు కుండీల్లో నాటుకున్న మొక్కలు సంక్రాంతికి విరగకాస్తాయి, శివరాత్రి దాటాక మెల్లగా డీలా పడతాయి. ఉగాది వచ్చేసరికి చాలా మిద్దెల మీద పరిస్థితి ఒకటే: కింద ఎండిన ఆకులు, పైన రాలుతున్న పూత, మధ్యలో ఎర్రబడీ ఎర్రబడక నారింజ రంగు దగ్గర ఆగిపోయిన కాయలు.

"ఇంకో నాలుగు రోజులు ఉంచితే ఎర్రబడతాయిలే" అని ఆ కాయల్ని చెట్టుకే వదిలేయడం మనలో చాలామందికి అలవాటు. ఆ అలవాటు మార్చుకోండి. మార్చి మధ్య నుంచి హైదరాబాద్ మిద్దె మీద కాయను పూర్తిగా ఎర్రబడేదాకా చెట్టుకు ఉంచడం వల్ల లాభం కన్నా నష్టమే ఎక్కువ. రంగు తిరిగిన వెంటనే కోసి ఇంట్లో నీడన పండించుకుంటే రంగూ, గట్టిదనమూ రెండూ మెరుగ్గా ఉంటాయి. ఎందుకో, ఎలాగో వరసగా చెప్తాను.

ఎండ టమాటాను ఏం చేస్తుంది

టమాటాకు ఎరుపునిచ్చేది లైకోపీన్ అనే పదార్థం. 20 నుంచి 25 డిగ్రీల మధ్య అది చక్కగా తయారవుతుంది. 30 దాటాక ఆ తయారీ మందగించి, ఇంకా వేడెక్కితే దాదాపు ఆగిపోతుంది. పసుపు రంగునిచ్చే కెరోటిన్ మాత్రం ఆ వేడిలో కూడా తయారవుతూనే ఉంటుంది. అందుకే మార్చి చివర్లో కాయలు ఎరుపుకు రాకుండా నారింజ రంగులోనే మెత్తబడిపోతాయి. పైగా నేరుగా ఎండ తగిలే కాయ చుట్టూ ఉన్న గాలి కన్నా వేడిగా ఉంటుంది. ఫోన్‌లో 36 చూపించిందంటే పడమటి ఎండకు నిలబడ్డ కాయ తొక్క అంతకన్నా బాగా కాగి ఉందనే అర్థం.

పూత సంగతి ఇంకా తొందరగా తేలిపోతుంది. పగలు 32 నుంచి 35 డిగ్రీలు దాటినా, రాత్రి 21 నుంచి 24 డిగ్రీల కన్నా తగ్గకపోయినా పుప్పొడి సత్తువ పోతుంది. పువ్వు కాడ పసుపు రంగుకు తిరిగి టపటపా రాలిపోతుంది. మన దగ్గర పగటి ఎండ గురించే అందరూ మాట్లాడతారు కానీ టమాటాను ఎక్కువగా దెబ్బతీసేది రాత్రి వేడే. పగలంతా కాగిన స్లాబు, పిట్టగోడ రాత్రంతా ఆ వేడిని వదులుతూనే ఉంటాయి. కింద పెరట్లో ఉన్న మొక్కకు ఇంకా పూత నిలుస్తున్న రోజుల్లోనే మిద్దె మీద మొక్కకు పూత రాలడానికి ఒక కారణం ఇదే. ఈ దశలో పూత రాలుతోందని ఎరువు దట్టించడం, టానిక్‌లు కొట్టడం డబ్బు దండగ. వేడికి రాలే పూతను ఏ మందూ ఆపలేదు.

1. ముందు గడువు తేదీ రాసిపెట్టుకోండి

మంచు పడే దేశాల్లో తోటపని చేసేవాళ్ళు మొదటి మంచు తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటారు. మనం కూడా అలాగే చేయాలి, కాకపోతే మనకు గడువు వేసవి వైపు ఉంటుంది.

టమాటా పువ్వు కాయ కట్టి, ఆ కాయ పండడానికి రకాన్ని బట్టి సుమారు 45 నుంచి 60 రోజులు పడుతుంది. మార్చి 20 ప్రాంతాన్ని గడువుగా పెట్టుకుంటే, జనవరి నెలాఖరు దాకా నిలిచిన పూతను నమ్ముకోవచ్చు. ఫిబ్రవరి మొదటి పక్షంలో నిలిచిన పూత ముదురు పచ్చికాయ దాకా వస్తుంది, దాన్ని ఇంట్లో పండించుకోవచ్చు. ఫిబ్రవరి 20 తర్వాత వచ్చే పూత మీద ఆశ పెట్టుకోవద్దు. చెర్రీ టమాటాలకు మాత్రం కొంచెం వెసులుబాటు ఉంది. కాయ చిన్నది కాబట్టి త్వరగా పండుతుంది, వేడికి కూడా పెద్ద కాయల రకాల కన్నా కాస్త ఎక్కువ తట్టుకుంటుంది.

"శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అని పెద్దవాళ్ళు అనేది టమాటా పెంచేవాళ్ళకు పనికొచ్చే మాట. శివరాత్రి నుంచి ఫోన్‌లో పగటి ఉష్ణోగ్రతతో పాటు రాత్రి కనిష్ఠాన్ని కూడా చూస్తూ ఉండండి. అది వరసగా 22, 23 దగ్గర నిలబడిపోయిందంటే ఆ మొక్క మీద కొత్త కాయ రాదని తేల్చుకోవచ్చు.

2. కొసలు తుంచండి

గడువుకు నెల, నెలన్నర ముందు, అంటే ఫిబ్రవరి మొదటి పక్షంలో తీగలా సాగే రకాల కొసలు తుంచేయాలి. పైన ఉన్న ఆఖరి గెల మీద రెండు ఆకులు వదిలి, ఆ పైభాగం కత్తిరించండి. ఆకు పంగల్లోంచి వచ్చే పిలకలు తీసేయండి. ఫిబ్రవరి 20 తర్వాత వచ్చే పూతను కూడా చేత్తో గిల్లేయండి. మొక్క బలమంతా ఉన్న కాయలకే పోతుంది. పూతను గిల్లడానికి మనసొప్పదు, నిజమే. కానీ ఎలాగూ రాలిపోయే పూత అది.

గుబురుగా ఒక ఎత్తుకు పెరిగి ఆగిపోయే రకాలకు ఈ పని అక్కర్లేదు.

ఒక జాగ్రత్త: కాయల మీద నీడ పట్టే ఆకుల్ని మాత్రం ముట్టుకోవద్దు. చల్లటి దేశాల వీడియోల్లో కాయకు ఎండ తగలాలని ఆకులు దులిపేస్తారు. హైదరాబాద్‌లో ఫిబ్రవరి తర్వాత అలా చేస్తే కాయ భుజం మీద తెల్లటి మచ్చ పడి, అది కాగితంలా ఎండిపోతుంది. అది ఎండ దెబ్బ. కాయ పండడానికి వెలుగు అవసరం లేదు, సరైన వేడి ఉంటే చాలు. పూర్తిగా ఎండినవి, తెగులు పట్టినవి, మట్టికి ఆనే కింది ఆకులు తీస్తే సరిపోతుంది.

3. చివరి నెలలో నీడ, నీళ్ళు

50 శాతం గ్రీన్ నెట్ ఒకటి పడమటి వైపు, పైన కట్టుకుంటే కాయలకు కొన్ని రోజులు అదనంగా దొరుకుతాయి. నెట్ లేకపోతే పాత కాటన్ చీర కట్టినా మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా కాపు కాస్తుంది. కుండీలను పిట్టగోడకు ఆనించి ఉంచొద్దు, జానెడు ఎడం ఇవ్వండి. నేరుగా స్లాబు మీద కాకుండా ఇటుకల మీదో, స్టాండు మీదో పెట్టండి. కదిలించగలిగిన గ్రో బ్యాగులు, పెయింట్ బకెట్లు ఉంటే మెట్ల గది నీడ పడే తూర్పు వైపుకు మార్చేయండి.

నీళ్ళ విషయంలో కూడా చలి దేశాల సలహా మనకు పనికిరాదు. కాయలు తొందరగా పండడానికి వాళ్ళు చివర్లో నీళ్ళు తగ్గిస్తారు. ఇక్కడ మార్చిలో నీళ్ళు తగ్గిస్తే మొక్క వాడిపోతుంది. ఒక రోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తితే కాయలు పగులుతాయి. అలా నీటి తడి ఎగుడుదిగుడైతే కాయకు కాల్షియం సరిగా అందక అడుగు నల్లబడి కుళ్ళుతుంది కూడా. అందుకని రోజూ ఒకే తీరున, పొద్దున ఏడు లోపు కుండీ అడుగు నుంచి నీళ్ళు కారేలా పోయండి. సాయంత్రం మట్టి వేలితో తడిమి చూసి, పైన అంగుళం లోతు పొడిగా ఉంటే ఇంకొంచెం పోయండి. పైపులో నిలిచిన నీళ్ళు ఎండకు కాగి ఉంటాయి, ఆ వేడి నీళ్ళు పోయేదాకా వదిలి తర్వాతే మొక్కకు పట్టాలి.

మట్టి మీద ఎండుటాకులు, కొబ్బరి పీచు పరిస్తే తడి నిలుస్తుంది. వేసవి మొదలవగానే వీధి చివర వెలిసే చెరకు రసం బండి దగ్గర పిప్పి ఊరికే ఇస్తారు. దాన్ని బాగా కడిగి, ఎండబెట్టి పరిస్తే కుండీకి మంచి కప్పు. కడగకుండా వేస్తే చీమలు పడతాయి.

ఈ రోజుల్లోనే ఆకుల అడుగున ఎర్రనల్లి, తెల్లదోమ ఎక్కువవుతాయి. నీళ్ళు గట్టిగా చిమ్మి ఆకుల వెనక భాగాన్ని కడగడం, సాయంత్రం పూట వేపనూనె కొట్టడం చాలు. పట్టుమని మూడు వారాలు కూడా ఉండని పంట మీద రసాయన మందులు వాడొద్దని నా గట్టి అభిప్రాయం. ఒకవేళ ముందే వాడి ఉంటే, మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసి ఉందో అన్ని రోజులు దాటాకే కాయ కోయండి.

4. ఏ కాయ కోతకు వచ్చిందో తెలుసుకోండి

ఈ పద్ధతికి అసలు కీలకం ఇక్కడుంది. నిదానంగా చదవండి.

టమాటా చెట్టున ఉన్నా, కోసి గంపలో పెట్టినా పండుతుంది. తనలోంచి తానే ఇథిలీన్ అనే వాయువును వదులుతూ, దానితోనే రంగు తిరిగే కాయ అది. కాకపోతే కోసే సమయానికి లోపల కాయ ముదిరి ఉండాలి. ముదరని కాయను ఎంత దాచినా ముడతలు పడుతుందే తప్ప రుచి రాదు.

*లేత పచ్చికాయ.* ముదురు ఆకుపచ్చ రంగులో, గట్టిగా, చిన్నగా ఉంటుంది. కోసి చూస్తే గదుల్లో గుజ్జు కట్టి ఉండదు, కత్తి గింజల్ని కూడా కోసేస్తుంది. ఇది పండదు. గడువు దాకా చెట్టునే ఉంచాలి.

*ముదురు పచ్చికాయ.* నిండు సైజుకు వచ్చి, ఆకుపచ్చ కాస్త పాలిపోయి, అడుగున తెల్లటి ఛాయ కనిపిస్తుంది. తొక్క మీద సన్నటి నిగారింపు వస్తుంది. అనుమానంగా ఉంటే అదే గెల మీది, అదే సైజు కాయ ఒకటి అడ్డంగా కోయండి. గదుల నిండా జిగురు గుజ్జు ఉండి, కత్తి తగలగానే గింజలు తెగకుండా పక్కకు జారిపోతే ముదిరినట్టే. దాని ఈడు కాయలన్నీ ఇంట్లో పండుతాయి.

*రంగు తిరిగిన కాయ.* అడుగున, అంటే పువ్వు రాలిన వైపున, లేత పసుపో గులాబో రూపాయి బిళ్ళంత కనిపిస్తుంది. కోయడానికి ఇదే సరైన దశ. ఇక్కడి నుంచి కాయ చెట్టు మీద పెద్దగా ఆధారపడదు, ఇంట్లో పండినా రుచిలో చెట్టున పండినదానికి దాదాపు సమానంగా ఉంటుంది. మార్చి మొదటి వారం నుంచి నేను ఈ దశ దాటనివ్వను. చెట్టున ఉంచితే ఎండకు రంగు చెడడమే కాదు, ఉడతలు, రామచిలకలు కూడా ఎర్ర కాయ కోసమే కాచుకుని ఉంటాయి.

*సగం ఎరుపు, నిండు ఎరుపు.* ఫిబ్రవరి దాకా ఇలా కోయడమే మంచిది, ఆ చలికి చెట్టున పండిన కాయను మించింది లేదు. మార్చి వచ్చాక మాత్రం కనబడిన పూటే కోసేయండి.

అర్కా రక్షక్ లాంటి సంకర రకాల కాయ తొక్క గట్టిది, రంగు తిరిగాక కూడా రెండు మూడు రోజులు ఓర్చుకుంటుంది. నాటు టమాటాలు, పూసా రూబీ లాంటి పుల్లటి, నీరెక్కువ ఉండే రకాలు అస్సలు ఆగవు. ఒక పూట ఆలస్యమైనా పగులుతాయి.

5. కోత

పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య, మంచు తడి ఆరాక, ఎండ ఎక్కకముందు కోయాలి. రాత్రంతా చల్లబడిన కాయ ఎక్కువ రోజులు నిలుస్తుంది. మధ్యాహ్నం కోసిన కాయ ఆ వేడిని లోపల పట్టుకుని త్వరగా మెత్తబడుతుంది.

కాయను అరచేతిలోకి తీసుకుని, కాడ మీద చిన్న కణుపు ఉన్నచోట బొటనవేలు నొక్కి పైకి వంచితే టక్కున విడుతుంది. లాగొద్దు, గెల మొత్తం ఊడి వస్తుంది. పొడుగు కాడ ఉండిపోతే కత్తిరించేయండి, పక్క కాయకు గుచ్చుకుని అక్కడి నుంచే బూజు మొదలవుతుంది. బకెట్‌లో కుప్ప పోయకుండా వెడల్పు పళ్ళెంలోనో, చాటలోనో గుడ్డ పరిచి ఒక వరసగా పెట్టండి. ఆకుముడత ఉన్న మొక్కల కాయలు చివర్లో కోసి, చేతులు, కత్తెర సబ్బుతో కడుక్కోండి. పొగాకు ముట్టుకున్న చేతులతో మొక్కల జోలికి పోవద్దు, పొగాకుకు ఉండే వైరస్ టమాటాకు అంటుకుంటుంది.

మార్చి, ఏప్రిల్‌లలో తెలంగాణలో సాయంత్రం పూట ఉన్నట్టుండి ఉరుములు, ఈదురుగాలి, ఒక్కోసారి వడగళ్ళు పడతాయి. చలి దేశాల వాళ్ళకు మంచు ఎలాగో మనకు ఈ వడగళ్ళు అలాగ. పది నిమిషాల్లో కాయలన్నీ దెబ్బలు తింటాయి. బేగంపేటలోని వాతావరణ కేంద్రం ఉరుముల వాన హెచ్చరిక ఇచ్చిందంటే, సాయంత్రం దాకా చూడకుండా రంగు తిరిగిన ప్రతి కాయనూ, ముదురు పచ్చికాయల్నీ కోసేయండి. వడగళ్ళు పడకపోయినా పొడి మట్టి మీద పడ్డ పెద్ద వాన నిండు కాయలను పగలగొడుతుంది. ఈ ఒక్క సందర్భంలో పొద్దున, సాయంత్రం అని చూసుకోవద్దు.

6. ఏరిపెట్టడం

కడగొద్దు. తడి తగిలితే కాడ మొదట్లో బూజు పడుతుంది. మట్టి ఉంటే పొడి గుడ్డతో తుడవండి, వాడే ముందే కడుక్కోవాలి.

నిండు ఎరుపువి ఆ వారం వంటకు. రంగు తిరిగినవి ఒక పళ్ళెం, ముదురు పచ్చివి ఇంకో పళ్ళెం. పగిలినవి, ఎండ దెబ్బ తిన్నవి, అడుగు నల్లబడినవి చెడిన ముక్క తీసేసి ఆ రోజే వండేయాలి. కాడ పక్కన చిన్న రంధ్రం ఉంటే లోపల పురుగు ఉన్నట్టే, దాన్ని మిగతావాటితో కలపొద్దు. ఒక్క కుళ్ళిన కాయ రెండు రోజుల్లో పళ్ళెం మొత్తాన్ని పాడుచేస్తుంది.

7. ఇంట్లో పండించడం

ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, గాలి ఆడే చోటు వెతకండి. పై అంతస్తు గది పనికిరాదు, స్లాబు వేడికి అది మిద్దెతో సమానం. కింది అంతస్తులో ఉత్తరం వైపు గది, మంచం కింద, మెట్ల కింద అర లాంటివి మంచివి. వంటింట్లో పొయ్యి దగ్గర, ఫ్రిజ్ మీద పెట్టొద్దు. కిటికీలో అసలే వద్దు.

వెదురు తట్టలోనో అట్టపెట్టెలోనో న్యూస్‌పేపర్ పరిచి, కాయల్ని కాడ వైపు కిందికి ఉండేలా, ఒకదానికొకటి తగలకుండా ఒకే వరస పేర్చండి. పైన ఇంకో పేపర్ కప్పండి. తడి గుడ్డ కప్పితే బూజు వస్తుంది. ఎయిర్ కూలర్ గాలి తగిలే గది కూడా అంతే, ఆ గాలిలో తేమ ఎక్కువ.

25 డిగ్రీల దగ్గర రంగు తిరిగిన కాయ వారం లోపు ఎర్రబడుతుంది. ముదురు పచ్చికాయకు వారం నుంచి రెండు వారాలు. తొందరగా కావాలంటే పచ్చికాయల తట్టలో బాగా పండిన అరటిపండు ఒకటి పెట్టి పేపర్ కప్పండి, అరటి నుంచి వచ్చే ఇథిలీన్ వాటిని కదిలిస్తుంది. కార్బైడ్ జోలికి వెళ్ళొద్దు. పండ్లు మాగేయడానికి దాన్ని వాడటం మన దేశంలో నిషేధం. రోజూ ఒకసారి తట్ట తీసి చూసి, మెత్తబడినవి, మచ్చ పడినవి ఏరేయండి.

పచ్చివి, సగం రంగు వచ్చినవి ఫ్రిజ్‌లో పెట్టొద్దు. 10 డిగ్రీల కన్నా తక్కువ చల్లదనంలో కొన్ని రోజులుంటే కాయ పండే గుణమే పోగొట్టుకుంటుంది. బయటికి తీశాక రంగు అతుకులతుకులుగా వచ్చి, గుంటలు పడి కుళ్ళుతుంది. పూర్తిగా ఎర్రబడ్డ కాయను మాత్రం మన వేసవిలో ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు. కింది కూరగాయల అరలో పెట్టి, వండే ముందు గంటసేపు బయట ఉంచితే రుచి కొంత తిరిగి వస్తుంది.

మొక్కను వేళ్ళతో సహా పీకి తలకిందులుగా వేలాడదీస్తే కాయలు పండుతాయని ఒక పద్ధతి ఉంది. చల్లటి, తేమ ఉన్న గదుల్లో అది కుదురుతుంది. హైదరాబాద్ మార్చి గాలికి మొక్క ఒకటి రెండు రోజుల్లోనే ఎండి, కాయలు వడలిపోతాయి. ఇక్కడ వద్దు.

అమెరికాలో ఉన్న మీ పిల్లలో, చెల్లెళ్ళో పెరట్లో టమాటా పెంచుతుంటే వాళ్ళకు కూడా ఇవే గుర్తులు, ఇదే తట్ట పద్ధతి చెప్పండి. వాళ్ళ గడువు మాత్రం ఊరిని బట్టి సెప్టెంబర్ చివర నుంచి నవంబర్ దాకా ఉంటుంది. మంచు హెచ్చరిక దాకా ఆగకుండా, రాత్రులు వరసగా 10 డిగ్రీల కిందికి జారుతున్నప్పుడే ముదురు కాయలన్నీ లోపలికి తెచ్చుకోవాలి. ఒక్క రాత్రి మంచు పడి తర్వాత మళ్ళీ ఎండ కాసే సూచన ఉంటే పాత దుప్పటి మొక్క మీద నేల దాకా కప్పి, తెల్లారాక తీసేస్తే సరిపోతుంది. మంచుకు గడ్డకట్టిన కాయ కరిగాక నీరుకారి మెత్తబడుతుంది, అది ఇక పండదు, దాచొద్దు.

8. పచ్చివీ పండువీ ఏం చేసుకోవాలి

గడువు రోజున మిగిలిన పచ్చికాయల్ని చూసి దిగులు పడొద్దు. తెలుగు వంటింట్లో పచ్చి టమాటాకు మంచి చోటుంది. నువ్వులు దోరగా వేయించి పక్కన పెట్టుకుని, అదే మూకుడులో నూనె వేసి పచ్చిమిర్చి, జీలకర్ర, పచ్చి టమాటా ముక్కలు మెత్తబడేదాకా మగ్గించి, వెల్లుల్లి, ఉప్పు, కొత్తిమీరతో రోట్లో కచ్చాపచ్చాగా నూరండి. చింతపండు అక్కర్లేదు, కాయ పులుపే చాలు. కందిపప్పుతో పప్పు కూడా బాగుంటుంది. గోలీకాయంత లేతవి మాత్రం వాడొద్దు. వాటిలో టమాటిన్ అనే చేదు పదార్థం ఎక్కువ, కంపోస్టులో వేసేయండి.

పండువి ఎక్కువగా ఉంటే ఈ ఎండనే వాడుకోవచ్చు. వరుగులకు గట్టి ఎర్ర కాయల్ని చక్రాలుగా కోసి, కొంచెం ఉప్పు చల్లి, పళ్ళెంలో పరిచి పల్చటి గుడ్డ కప్పి మిద్దె మీద పెట్టండి. సాయంత్రం లోపలికి తెచ్చి, పొద్దున మళ్ళీ పెట్టాలి. రెండు నుంచి నాలుగు ఎండలకు విరిస్తే విరిగేలా అవుతాయి. గాలి చొరని డబ్బాలో పోసుకుంటే వానాకాలంలో పప్పులో, చారులో వేసుకోవచ్చు. 2023 జూలైలో కిలో టమాటా వంద రూపాయలు దాటిపోయిన సంగతి ఎవరూ మరిచిపోయి ఉండరు. మార్చిలో డబ్బాకెత్తిన వరుగు విలువ జూలైలో తెలుస్తుంది.

నిల్వ పచ్చడికి కిలో కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, ఆరబెట్టి ముక్కలు కోయండి. 100 గ్రాముల రాళ్ళుప్పు, అర చెంచా పసుపు కలిపి జాడీలో రెండు రోజులు ఊరనివ్వాలి. మూడో రోజు ముక్కల్ని పిండి ఎండలో పెట్టి, ఆ ఊటలో 100 గ్రాముల చింతపండు నానేసి దాన్ని కూడా ఎండలో ఉంచండి. ముక్కలు బాగా వడిలాక రెండూ కలిపి రుబ్బి, 100 గ్రాముల కారం, రెండు చెంచాల ఆవపిండి, ఒక చెంచా వేయించిన మెంతిపిండి కలపాలి. పావు కిలో నువ్వుల నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆవాలు, ఇంగువ పోపు పెట్టి చల్లార్చి పోయండి. ఇంట్లో మాగిన కాయలు ఈ పచ్చడికి బాగా పనికొస్తాయి, గట్టిగా ఉంటాయి కాబట్టి. ఎండ దెబ్బ మచ్చలున్న కాయలు మాత్రం వేయొద్దు, నిల్వ చెడుతుంది.

9. విత్తనం

విత్తనానికి కాయను చివరి కోతలోంచి తీసుకోవద్దు. జనవరి, ఫిబ్రవరిలో ఆరోగ్యంగా ఉన్న మొక్క మీద, రెండో మూడో గెలలో, చెట్టునే పూర్తిగా పండిన కాయను ముందే గుర్తు పెట్టి ఉంచుకోవాలి. నాటు రకాలు, పూసా రూబీ, అర్కా వికాస్ లాంటి సూటి రకాలైతేనే, అంటే సంకరం కానివైతేనే, తల్లి లాంటి మొక్క వస్తుంది. సంకర రకాల విత్తనం దాస్తే రెండో తరంలో రకరకాలుగా వస్తాయి.

గింజల గుజ్జును గ్లాసులో కొంచెం నీళ్ళతో రెండు రోజులు పులియనివ్వండి. వేడి రోజులైతే ఒక్క రోజు చాలు, ఎక్కువుంచితే గ్లాసులోనే మొలకెత్తుతాయి. పైకి తేలినవి పారబోసి, అడుగున నిలిచినవి కడిగి, స్టీలు పళ్ళెంలో నీడన ఆరబెట్టండి. కాగితం మీద పోస్తే అంటుకుపోతాయి. రకం పేరు, సంవత్సరం రాసి గాజు సీసాలో దాచుకుంటే మూడు నాలుగేళ్ళు మొలకెత్తుతాయి.

10. మొక్క తీసేయడం, మట్టికి మందు

ఏప్రిల్ మొదటి వారానికి కొత్త పూత, కొత్త చిగురు లేని మొక్కను పీకేయండి. వేసవి దాటిస్తే వానలకు మళ్ళీ కాస్తుందన్న ఆశతో చాలామంది నీళ్ళు పోస్తూనే ఉంటారు. ఒకటీ అరా మొక్క కాస్తుంది కూడా, కానీ అన్ని రోజులూ అది తెల్లదోమకూ పిండినల్లికీ ఇల్లై, పక్కనున్న వంగకూ మిర్చికీ వాటిని పంచుతుంది.

పీకాక వేళ్ళు చూడండి. ముడులు ముడులుగా ఉబ్బి ఉంటే మట్టిలో నులిపురుగులు ఉన్నట్టు. అలాంటి వేళ్ళను, ఆకుముడత పట్టిన మొక్కల్ని కంపోస్టులో వేయకుండా చెత్తబండికి ఇచ్చేయండి. మిగతావి చిన్నగా తరిగి కంపోస్టు చేసుకోవచ్చు.

ఆ మట్టిని తడిపి, పల్చటి పారదర్శక ప్లాస్టిక్ షీట్ కింద అంచులు బిగించి ఏప్రిల్, మే నెలల్లో నాలుగు నుంచి ఆరు వారాలు ఎండలో వదిలేయండి. నులిపురుగులు, తెగులు బీజాలు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. నల్ల షీట్ కన్నా పారదర్శకమైనదే మట్టిని ఎక్కువ వేడెక్కిస్తుంది. తర్వాత కుండీకి రెండు గుప్పిళ్ళ వేపపిండి, మట్టిలో నాలుగో వంతు వర్మికంపోస్ట్ కలిపి పక్కన పెట్టుకోండి.

అంత తీరిక లేనివాళ్ళు ఆ కుండీల్లో తోటకూర, గోంగూర, బచ్చలి, లేదా పందిరి ఉంటే బీర వేసుకోవచ్చు. వంగ, మిర్చి మాత్రం ఆ మట్టిలో ఈసారికి వద్దు, అవి టమాటా కుటుంబానివే, అవే తెగుళ్ళు వస్తాయి. టమాటా నారు మళ్ళీ ఆగస్టు రెండో పక్షంలో పోసుకోండి. 25 నుంచి 30 రోజుల నారు నాటితే సంక్రాంతికి కాపు నిండుగా ఉంటుంది.